మిగతా కథ వెండితెర మీద

మా ఊళ్లో నా ఈడు పిల్లలకు చదవడం సగం బడిలో వచ్చింది, సగం సినిమా పాటల పుస్తకాల వల్ల వచ్చింది. 1960ల నాటి మాట. తెనాలి అవతల, కాలువ పక్కన ఊరు మాది. దగ్గర్లోని టూరింగ్ టాకీస్‌కి కొత్త సినిమా వచ్చిందంటే బండికి రెండు వైపులా పోస్టర్లు కట్టి, మైకులో చెప్పుకుంటూ, రంగురంగుల కరపత్రాలు విసురుకుంటూ వెళ్లేవాళ్లు. ఆ కాగితం కోసం మట్టిరోడ్డు మీద బండి వెనక పరిగెత్తని పిల్లలు లేరు. దొరికాక అందులో ఏముందో తెలియాలి కదా. చదవడం రానివాళ్లం వచ్చినవాళ్ల చుట్టూ మూగేవాళ్లం.

హాలు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు. పల్చటి కాగితం, వేళ్లకు అంటుకునే సిరా. ముందు కథ ఉండేది. నాయిక కష్టాల్లో పడేదాకా చెప్పి, సరిగ్గా అక్కడ ఆపేసి, ‘మిగతా కథ వెండితెర మీద చూడండి’ అని అచ్చువేసేవాళ్లు. తర్వాత పాటలు. టికెట్టు కొనలేని ఇళ్లలోకి కూడా ఆ పుస్తకం ఎలాగోలా చేరేది. చేతులు మారీ మారీ అట్ట ఊడిపోయాక కూడా తిరుగుతూనే ఉండేది.

పాటలు రేడియోలో వినీ వినీ మాకు నోటికొచ్చేవి. మా పక్కింటి అక్క అరుగు మీద కూర్చుని పుస్తకం మధ్యలో పెట్టేది. చుట్టూ చేరి పాడేవాళ్లం. ఒకరు పుస్తకం మీద వేలు నడిపించాలి. పాట ముందుకు వెళ్లిపోయేది, వేలు వెనకపడేది. “ఆగండే, ఇప్పుడు ఎక్కడున్నాం?” అని అక్క ఆపేది. వెతుక్కునేవాళ్లం. పల్లవి మళ్లీ వచ్చిన చోట అదే అక్షరాల వరస మళ్లీ కనిపించేది. “ఇదిగో, ఇక్కడ కూడా ఉంది!” అని అరిచిన అరుపులు నాకింకా చెవిలో ఉన్నాయి. ఏం రాసుందో ముందే తెలుసు కాబట్టి భయం లేదు. అది ఎక్కడ రాసుందో కనిపెట్టడమే ఆట. ఆ అక్క ఏ ట్రైనింగూ అవలేదు. కానీ తర్వాత నేను ట్రైనింగులో విన్న పాఠాలన్నిటికంటే ఆ అరుగు మీద జరిగిందే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఇంట్లో మా అమ్మమ్మ ఇంకో బడి నడిపేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కథలంటే మాత్రం ప్రాణం. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన చందమామ నేను చదివే ఈడుకు వచ్చేసరికే ఇంటింటి పత్రిక. మా మామయ్య తెనాలి వెళ్లినప్పుడల్లా తెచ్చేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ నడుం వాల్చి, “ఊఁ, అందుకో” అనేది. నేను చదవకపోతే ఆమెకు కథ లేదు. ఇంట్లో నా అవసరం అంతగా ఉన్న పని నాకు అదొక్కటే. అందుకే కూడబలుక్కుంటూ అయినా చదివేదాన్ని. మాట అడ్డం తిరిగినప్పుడు పక్కనున్న బొమ్మ చూసేదాన్ని. చిత్రా, శంకర్, వపా గార్ల బొమ్మలు కథలో సగం చెప్పేసేవి. గుర్రం మీద రాజకుమారుడు ఉన్నాడంటే ఆ పేరాలో ‘గుర్రం’ అన్న మాట ఎక్కడో ఉండాలి. వెతికితే దొరికేది.

బేతాళ కథలు వచ్చేసరికి అమ్మమ్మ లేచి కూర్చునేది. ఆ కథ ప్రతి నెలా ఒకేలా మొదలయ్యేది, ఒకేలా ముగిసేది. మొదలూ చివరా నాకు కంఠతా వచ్చు కాబట్టి అవి గడగడా చదివేదాన్ని. ఆ ఊపులో మధ్యలో ఉన్న కొత్త కథలోకి దిగేదాన్ని. బేతాళుడు ప్రశ్న అడగ్గానే అమ్మమ్మ, “ఆగు, నన్ను చెప్పనీ” అనేది. తన తీర్పు చెప్పేది. అప్పుడు నేను విక్రమార్కుడి జవాబు చదవాలి. ఇద్దరి మాటా ఒకటైతే ఆమె ముఖం వెలిగిపోయేది. కాకపోతే రాజును పట్టుకుని తిట్టేది, నన్ను మళ్లీ మొదటి నుంచి చదవమనేది. సాక్ష్యం కోసం వెనక్కి వెళ్లి చదవడం నేను అలా నేర్చుకున్నాను. ఆ వాక్యాలు అంత తేలిగ్గా నడవడం వెనక కొడవటిగంటి కుటుంబరావు గారి చెయ్యి ఉందని, 1952 నుంచి చనిపోయేదాకా ఆయన ఆ పత్రికను చూసుకున్నారని పెద్దయ్యాక తెలిసింది. పేరు తెలియకుండానే మాకు చదువు చెప్పిన మనిషి ఆయన.

మా తాతయ్య అంతకు ముందు రోజుల మాట చెప్పేవాడు. 1935 ప్రాంతంలో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ రేవుకు వచ్చిందంటే పాత పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్లట. పుస్తకం కోసం రేవులో ఎదురుచూసిన కాలం అది.

టీటీసీ, అంటే టీచరు ట్రైనింగు, అయ్యాక 1980ల మొదట్లో ప్రకాశం జిల్లాలో దర్శి వైపు ఒక పల్లెలో ఉద్యోగం వచ్చింది. మెట్ట ఊరు. కంది, సజ్జ, గొర్రెలు, మేకలు. ఒక గది, ఒక వరండా, ఐదు తరగతులు, నేను. ఒకటో తరగతి పిల్లలు ‘అ’ నుంచి ‘ఱ’ దాకా ఒక్క ఊపున అప్పజెప్పేవాళ్లు. గోడకవతల నుంచి వింటే ఈ పిల్లలకు చదువొచ్చేసింది అనిపిస్తుంది. నల్లబల్ల మీద ఒక్క ‘మ’ రాసి ఇదేమిటని అడిగితే మాత్రం బిక్కముఖాలు. కొంచెం గట్టి పిల్లలు లోపల్లోపల ‘ప ఫ బ భ’ అనుకుని, అప్పుడు ‘మ’ అనేవాళ్లు. వరసలో తప్ప అక్షరం విడిగా వాళ్లకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. ‘మ’ తెలిస్తే ఏమొస్తుంది? ఆ ప్రశ్నకు పిల్లకు జవాబు దొరకాలి. నా ఉద్యోగమంతా ఆ జవాబు వెతకడంలోనే గడిచింది.

పేర్లతో మొదలుపెట్టాను. ఊళ్లో పెళ్లిళ్లయ్యాక మిగిలిన శుభలేఖలు అడిగి తెచ్చుకుని, వెనక వైపు ఒక్కో అట్ట మీద ఒక్కో పిల్ల పేరు పెద్దగా రాశాను. పొద్దున రాగానే గోడ మీది మేకులకు వేలాడే అట్టల్లో ఎవరి పేరు వాళ్లు వెతుక్కుని బుట్టలో వెయ్యాలి. అదే హాజరు. మొదట్లో గందరగోళం, తోపులాట. తర్వాత మేకులకు మిగిలిపోయిన అట్టలు వాళ్లే చూసి, “ఏసోబు రాలేదు టీచర్, మస్తాన్‌బీ రాలేదు టీచర్” అని చెప్పడం మొదలుపెట్టారు. తమ పేరే కాకుండా పక్కవాళ్ల పేర్లు కూడా చదివేస్తున్నారన్నమాట.

కమల, లత, రమ, వనజ లాంటి పేర్లున్న పిల్లలు అదృష్టవంతులు. గుణింతం లేదు, ఒత్తు లేదు. వెంకటేశ్వర్లుకు మాత్రం ఎత్వం, సున్న, ఏత్వం, వకారపు ఒత్తు, లకారపు ఒత్తు, కొమ్ము, అన్నీ మొదటిరోజే మీద పడ్డాయి. ఇంత కష్టం వాడికి వద్దు, ‘వెంకి’ అని రాద్దామనుకున్నాను. వాడు ఒప్పుకోలేదు. తన పేరే అందరికంటే పొడుగు, తన అట్టే అందరికంటే పెద్దది, అది వాడికి గొప్ప. తరగతిలో ఒత్తులు ముందు వచ్చింది వాడికే. పిల్లకు ఏది తేలికో పెద్దవాళ్లం లెక్క వేస్తాం. ఏది ముద్దో వాళ్లే చెప్పాలి.

లత పేరులో మొదట ఉన్న ‘ల’ కమల పేరులో చివర ఉందని కనిపెట్టినప్పుడు ఆ ఇద్దరు పిల్లలు ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. ఇంకో రోజు ఒక కొంటె కోణంగి రమ పేరు పక్కన బలపంతో దీర్ఘం పెట్టాడు. రమ కాస్తా రామ అయింది. “నేను మగపిల్లాణ్ణా టీచర్!” అని ఆ పిల్ల ఏడ్చుకుంటూ వచ్చింది. దీర్ఘం అంటే ఏమిటో ఆ రోజు తరగతి మొత్తానికి తెలిసిపోయింది. ఆ తర్వాత అందరూ అందరి పేర్లకూ దీర్ఘాలు, గుడులు, కొమ్ములు తగిలించి నవ్వుకోవడమే పని. లత లాత, లతి, లతు అయింది. ‘కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు’ అన్న పాట నాకూ ఇష్టమే. దాని లయ బాగుంటుంది, పిల్లలు ఊగుతూ పాడతారు. గుడి పెడితే ఏం మారుతుందో ఒకసారి కళ్లారా చూసిన పిల్ల ఆ పాట పాడితే ఇంకా బాగుంటుంది.

కాగితాలు, సుద్దముక్కలు తక్కువగా ఉండేవి. చింతగింజలకు కొదవ లేదు. నేల మీద అక్షరం గీస్తే దాని మీద గింజలు పేర్చేవాళ్లు. తాటాకు మీద గంటంతో రాసిన రోజుల నుంచి మన అక్షరాలకు ఆ గుండ్రదనం వచ్చిందంటారు. గింజలు పేర్చడానికి అది ఎంత వీలో! ‘ప’, ‘వ’, ‘మ’ కళ్లకు ఒకేలా కనిపించి తికమకపెట్టేవి. చేత్తో పేర్చినప్పుడు తేడా వేళ్లకు తెలిసేది.

మా ఊరికి ఆర్టీసీ బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది. సాయంత్రం బస్సు బడి వదిలే వేళకే. దుమ్ము లేస్తూ మలుపు తిరగ్గానే బోర్డు ఎవరు ముందు చదువుతారా అని పందెం. ‘దర్శి’ ఐతే రెండు అక్షరాలు, కానీ ఒకదానికి గుడి, ఒత్తు రెండూ ఉన్నాయి. ‘పొదిలి’ వాళ్లకు తేలిక. పండగ రోజుల్లో ‘ఒంగోలు’ అన్న బోర్డుతో ఒక బస్సు అదనంగా వచ్చేది. కొత్త బోర్డు కనిపించిన రోజు పిల్లల సంబరం చెప్పనలవి కాదు. రావిచెట్టు కింద కూర్చున్న ముసలమ్మలు, “ఇది పొదిలి బస్సేనంటరా అబ్బాయా?” అని అడిగేవాళ్లు. రెండో తరగతి పిల్లాడు బోర్డు చూసి, “కాదు అవ్వా, దర్శిది. కూచో” అని చెప్పేవాడు. చదువు వచ్చినందుకు ఊళ్లో గౌరవం ఉంటుందని వాడికి నేను చెప్పక్కర్లేకపోయింది. బస్సెక్కినప్పుడు ‘స్త్రీలు’, ‘పొగ త్రాగరాదు’, ‘చేతులు బయట పెట్టరాదు’ అన్నవి చదివి, బీడీ కాల్చే పెద్దమనిషిని నిలదీసిన పిల్లలు కూడా ఉన్నారు.

ఆ ఊళ్లో నా మనసులో నిలిచిపోయింది ఒక ఉత్తరం. ఎండాకాలంలో పనుల్లేక చాలామంది మగవాళ్లు బేల్దారి పనికి హైదరాబాదు వెళ్లిపోయేవాళ్లు. అక్కడ రాయడం వచ్చిన ఎవరిచేతనో ఇన్‌ల్యాండ్ లెటరు రాయించి పంపేవాళ్లు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలన్నీ బళ్లో నాకిచ్చిపోయేవాడు, ఎందుకంటే చదివిపెట్టాల్సింది ఎటూ నేనే. సాయంత్రం ఆడవాళ్లు వచ్చి వరండాలో కూర్చునేవాళ్లు. ఒకరి ఇంటి సంగతులు అందరి ముందూ చదవాల్సి వచ్చేది. అది నాకు చాలా ఇబ్బందిగా ఉండేది. వాళ్లకు ఎంత ఇబ్బందో వాళ్ల కొంగులు చెప్పేవి.

రెండో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తల్లి లేదు, నాయనమ్మ దగ్గర పెరిగేది. మాట్లాడేది తక్కువ. పుస్తకం ముందు పెడితే పేజీ అంచులు చుట్టుకుంటూ కూర్చునేది. ఒకరోజు వాళ్ల నాన్న ఉత్తరం వచ్చింది. నాయనమ్మ వచ్చి నా ముందు కూర్చుంది. నేను మడత విప్పుతుంటే ఆ పిల్ల చెయ్యి చాచి, “నేను చదువుతా” అంది.

ఇచ్చేశాను. చదవగలదని నాకు నమ్మకం లేదు. కానీ ఆ చాచిన చేతిని వెనక్కి పంపడం నావల్ల కాలేదు.

‘అమ్మకు’ అన్న మొదటి మాట దగ్గరే చాలాసేపు పట్టింది. ‘మ’ కింద ‘మ’ ఒత్తును వేలితో తడుముతూ కూర్చుంది. నాయనమ్మ కదల్లేదు, పక్కనున్న ఆడవాళ్లు కూడా మాట్లాడలేదు. ‘నేను ఇక్కడ క్షేమం’ అన్నచోట ‘క్షే’ రాలేదు. నా వైపు చూసింది. అదొక్కటీ చెప్పాను. ఒక్కో అక్షరం కలుపుకుంటూ, ఒక్కో మాట రెండుసార్లు అనుకుంటూ ముందుకు వెళ్లింది. పని దొరికింది, మేస్త్రీ మంచివాడు, డబ్బులు మనియార్డరు చేస్తాను. ఆ తర్వాత ‘మే, క, ను’ అంది. ఆగింది. మళ్లీ ‘మేకను’ అంది. తర్వాతి మాట మీద వేలు పెట్టి పెదాలు కదిపింది. ఒక్కసారి లేచి నిలబడి, “మేకను అమ్మొద్దంట! నాన్న అమ్మొద్దన్నాడు!” అని అరిచింది.

సంగతి ఏమిటంటే, ఇంట్లో ఉన్న ఒక్క మేకనూ వచ్చే సంతకు తోలాలని నాయనమ్మ అనుకుంటోంది. ఆ పిల్లకు ఆ మేక అంటే ప్రాణం. నాన్న ఏమంటాడో తెలుసుకోవాలని రోజూ పోస్ట్‌మ్యాన్ దారి చూస్తోంది. నాకు ఇవేమీ తెలియదు. నాయనమ్మ నవ్వుతూ, “పంతులమ్మా, నిజంగా అట్టా ఉందా, ఇదే కల్పించిందా?” అని అడిగింది. ఉందని చెప్పాను. మిగతా ఉత్తరం కూడా ఆ పిల్లే చదివింది. కొన్నాళ్లకు ఆ వాడ ఉత్తరాలన్నీ ఆమె దగ్గరికే వెళ్లడం మొదలైంది. పిల్లలకు ఆసక్తి లేదు అని ఎవరైనా అంటే నాకు ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆసక్తి ఉంది, మేక మీద ఉంది. నేను ఆమె ముందు పెట్టిన పేజీల్లో మేక లేదు.

అప్పట్నుంచి పొద్దున్నే పిల్లల్ని, “ఇవాళ మీ ఇంట్లో ఏంటి సంగతి?” అని అడిగేదాన్ని. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే నల్లబల్ల మీద రాసేదాన్ని. ‘మా బర్రె ఈనింది. దూడ తెల్లగా ఉంది.’ ‘మా అన్న బావిలో ఈత కొట్టాడు. నాన్న కొట్టాడు.’ తాము అన్న మాట బల్ల మీద కనిపిస్తే చదవని పిల్ల లేదు. ఆ రెండో సంగతిలో ‘కొట్టాడు’ రెండుసార్లు వచ్చిందని, ఒకటి సంతోషం, ఒకటి ఏడుపు అని పిల్లలే పట్టుకున్నారు. బాగున్న వాటిని కాగితాల మీద రాయించి, పురికొసతో కుట్టి, బొమ్మలు వాళ్లచేతే వేయించి, తరగతి పుస్తకం చేశాం. ఊరి పుస్తకం అది. పెద్దవాళ్లు కూడా వచ్చి తమ ఇంటి సంగతి ఏ పేజీలో ఉందో చూపించమనేవాళ్లు.

పొడుపు కథలు ఇంకో గని. రోజూ బడి తలుపు మీద ఒకటి అంటించేదాన్ని. జవాబు చెప్పినవాళ్లు ఆ రోజు గంట కొడతారు. గంట కొట్టడం అంటే మాటలా! ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అన్నదాన్ని కూడబలుక్కుని చదివి, కళ్లు టపటపలాడిస్తూ నా ముందుకొచ్చిన పిల్లలు ఎంతమందో. పొడుపు కథలో గొప్పతనం ఏమిటంటే, సగం చదివి ఆపలేరు. ఒక్క మాట తప్పు చదివినా జవాబు కుదరదు, అందుకని తమ తప్పు తామే దిద్దుకుంటారు. ‘తెల్లని చేనులో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు’ అన్నదాన్ని సంక్రాంతి ముందు అంటించాను. ఆ కథ విప్పింది గొర్రెలు కాసుకుంటూ వారానికి రెండు మూడు రోజులే బడికి వచ్చే పిల్లాడు. కాగితాన్నీ, దాని మీది రాతనూ వేలితో చూపించి, “ఇదే కదా టీచర్” అన్నాడు.

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అనే ప్రభుత్వ పథకం వచ్చాక బళ్లకు సామాన్లు, పుస్తకాలు ఇచ్చారు. మాకూ ఒక ఇనప్పెట్టె నిండా బొమ్మల పుస్తకాలు వచ్చాయి. చాలాచోట్ల అవి పెట్టెలోనే ఉండిపోయాయి. స్టాక్ రిజిస్టర్లో ఎక్కించిన పుస్తకం చిరిగితే లెక్క ఎవరు చెప్పాలన్న భయం. తనిఖీకి వచ్చిన ఒకాయన కొత్తగా తళతళలాడే పుస్తకాలు చూసి మెచ్చుకునేవాడు కూడా. నాకు అది చూస్తే కడుపు తరుక్కుపోయేది. వరండాలో తాడు కట్టి పుస్తకాలన్నీ దాని మీద ఆరేశాను. ఎవరికి ఏది కావాలో తీసుకోవచ్చు. పులి ఉన్న పుస్తకం అందరికంటే ముందు చిరిగింది, తర్వాత రైలు. మైదా ఉడికించి అతికించేవాళ్లం. చిరిగిన పుస్తకమే పిల్లలు చదివిన పుస్తకమని రిజిస్టర్ పక్కన పెట్టి వాదించడానికి నేనెప్పుడూ వెనకాడలేదు.

90ల్లో మమ్మల్ని కొంతమందిని మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ విద్యాసంస్థకు తీసుకెళ్లారు. చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరుతో నడిచే చిన్న బళ్లు వాళ్లవి. రమ, పద్మనాభరావు దంపతులు అక్కడ పాఠ్యపుస్తకాన్ని విప్పి కార్డులుగా మార్చారు. ప్రతి కార్డుకూ ఒక గుర్తు. గోడ మీద నిచ్చెనలా ఒక పటం. తాను ఏ మెట్టు మీద ఉందో పిల్ల అందులో చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుని కూర్చుంటుంది. కొందరు టీచరుతో, కొందరు తోటి పిల్లలతో, కొందరు ఒంటరిగా. ‘ఇంకా అక్కడే ఉన్నావా’ అని అడిగేవాళ్లు లేరు. మా ఏకోపాధ్యాయ బళ్లకు అంతకంటే ఏం కావాలి! తర్వాత 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లు, ఆ వెనక తమిళనాడు మొత్తం ఆ దారి పట్టాయి. నాకు అక్కడ బాగా నచ్చింది మాత్రం ఆ నిశ్శబ్దంలోని హడావిడి. ఎవరి పని వాళ్లకు ముద్దుగా ఉంది.

ఆ కాలంలోనే నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బళ్ల వాచకాల్లో సారా వల్ల సంసారాలు పడే బాధల పాఠాలుండేవి. అవి చదివి మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు 1992లో ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. తమ బతుకు తాము చదువుకుంటే పెద్దవాళ్లకైనా అక్షరం అలా పట్టుకుంటుంది. మా వైపు రాత్రి బళ్లు పెట్టినప్పుడు తల్లులు వచ్చి లాంతరు దగ్గర కూర్చుంటే, నా తరగతి పిల్లలు పక్కన చేరి, “అది ‘పు’ కాదమ్మా, ‘వు’” అని దిద్దేవాళ్లు. అమ్మకు చెప్పాలంటే తనకు బాగా రావాలి కదా. ఆ పిల్లలు బళ్లో ఇంకా పట్టుదలగా చదివారు.

2003లో మధ్యాహ్న భోజనం మొదలయ్యాక ఆ రోజు ఏం వండుతున్నారో బల్ల మీద రాయడం అలవాటు చేశాను. ‘గుడ్డు’ అన్న మాట ఒకటో తరగతిలో ఎవరికీ నేర్పాల్సిన పని పడలేదు.

రిటైరయ్యాక హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవడికి ఆరేళ్లు. ఇంగ్లీషు గబగబా చదువుతాడు. తెలుగు అంటే స్కూల్లో ఇచ్చే చూచిరాత అనే వాడి ఉద్దేశం. పుస్తకం తీయగానే, “అమ్మమ్మా, బోర్” అనేవాడు. నేను పుస్తకం మూసేసి వాణ్ణి కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కించాను. స్టేషన్ల పేర్లు తెలుగులోనూ ఉంటాయి. తలుపులు మూసుకునేలోపు చదివేయాలన్నది వాడు పెట్టిన రూలు. ‘మూసాపేట’ తేలిగ్గానే వచ్చింది. ‘ఎర్రగడ్డ’ దగ్గర రెండు ఒత్తులు చూసి తడబడ్డాడు, తలుపులు మూసుకున్నాయి. తిరుగు ప్రయాణంలో ఆ స్టేషన్ కోసం అద్దానికి ముక్కు ఆనించి నిలబడి, రాగానే “ఎర్రగడ్డ!” అని డబ్బా మొత్తం వినిపించేలా చదివాడు. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఈమధ్య అసెంబ్లీ స్టేషన్‌లో దిగి బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్లాం. అక్కడ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో తవ్వితీసిన రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. దాని పేరు కోటసారస్ యామనపల్లియెన్సిస్. 1988లో ఆ పేరు పెట్టారు. మన తెలుగు ఊరి పేరు పెట్టుకున్న డైనోసార్ ఉందని తెలిసి వాడు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. ఇంటికొచ్చాక ఆ పేరు మొత్తం తెలుగులో రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. అంత పొడుగు మాటను ముక్కలు చేసుకుని, యకారాలు, లకారాలు, ఒత్తులు అన్నీ దాటుకుంటూ చదివాడు. ఫ్రిజ్ మీద అంటించి, వచ్చిన ప్రతివాళ్లనూ చదవమంటున్నాడు. తడబడిన పెద్దవాళ్లకు వాడే నేర్పుతున్నాడు.

ఇప్పుడు వాడికి ఆ రాక్షసబల్లి ఏం తినేదో, దానికి పిల్లలు ఎలా పుట్టేవో, యామనపల్లి వాళ్లకు అది ఎలా దొరికిందో తెలియాలి. రోజూ అడుగుతున్నాడు. నాకు తెలిసినంత చిన్న చిన్న వాక్యాలుగా నోటుబుక్కులో రాస్తున్నాను, పేజీకి రెండే వాక్యాలు, పెద్ద అక్షరాల్లో. బొమ్మలు వాడే వేస్తున్నాడు. రేపటి పేజీ గుడ్ల గురించి. ఆరేళ్ల పిల్లలు సొంతంగా చదువుకోగలిగేలా డైనోసార్ల మీద తెలుగులో మంచి బొమ్మల పుస్తకం ఏదైనా ఎవరి దగ్గరైనా ఉంటే పేరు చెప్పండి. నా నోటుబుక్కు వాడి ప్రశ్నలంత వేగంగా సాగడం లేదు.